‘నేను దాటాను’ టైర్ల షాపు

మా టార్ప్లీ ఊళ్లోకి మాంట్‌గోమరీ రోడ్డు మీదుగా వచ్చేవాళ్లకు ముందు కనిపించేది చర్చి గోపురం కాదు, కాలేజీ గేటూ కాదు. ఒక రేకుల షెడ్డు. దాని నెత్తిన మనిషంత ఎత్తున, ఎర్రటి అక్షరాల్లో ‘నేను దాటాను’ అని బోర్డు. కింద చిన్నగా ‘టైర్లు, పంక్చర్లు’ అని ఉంటుంది. కొత్తవాళ్లు అది చూసి, పాపం ఈయన తాగుడు దాటాడేమో, క్యాన్సర్ దాటాడేమో అనుకుంటారు. ఒకావిడైతే కారు ఆపి, అతని చేతులు పట్టుకుని ప్రార్థన చేసి మరీ వెళ్లింది. అతనూ బుద్ధిగా తల వంచుకుని ఆమెన్ అన్నాడు.

ఊళ్లోవాళ్లకు మాత్రం అతను దాటానంటున్నది ఏమిటో తెలుసు. దాటలేదని కూడా తెలుసు. తెలుసనే అనుకున్నాం, ఇరవయ్యారేళ్లు.

ఆ షాపు కార్డెల్ మేబ్రీది. నా పేరు డెవిట్ గాస్కిన్. వయసు డెబ్బై ఒకటి. వెల్డింగ్ షాపు ఉండేది, చూపు మందగించాక మూసేశాను. నాకు ముక్కు మీద కోపం అంటారు, అననివ్వండి. ఇవాళ ఆ కోపం ఇంకొకరి మీద కాదు కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

మా ఫుట్‌బాల్ కాళ్లతో తన్నుకునే ఆట కాదు. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో ఇరికించుకుని, మీద పడేవాళ్లను తోసుకుంటూ ముందుకు పరిగెత్తే ఆట. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోవాలి. పోయావా, ఇంకో నాలుగు ప్రయత్నాలు నీవి. పోలేదా, బంతి అవతలివాడిది. ఆ పది గజాలూ కొలవడానికి ఒక గొలుసుంటుంది, దానికి రెండు చివరలా రెండు కర్రలుంటాయి. బయటి ఊరి నుంచి వచ్చిన లైన్స్‌మన్ చెప్పిన చోట ఆ కర్రలు పట్టుకుని నిలబడేది మాత్రం ఊరివాళ్లే. మా కాలేజీ మైదానంలో ముందు కర్ర పంతొమ్మిదేళ్లు నా చేతిలో ఉంది. గొలుసు పట్టేవాడు చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు, సొంత జట్టు గెలిచినా మొహం మాడ్చుకునే నిలబడాలి. నాలాంటివాడికి అది ఎంత కష్టమో మా ఆవిడను అడగండి.

మా జట్టు పేరు మ్యూల్స్, అంటే కంచర గాడిదలు. నవ్వుతారేమో, నవ్వుకోండి. మేమెప్పుడో నవ్వేసుకున్నాం.

1998 నవంబరు పద్నాలుగు, శనివారం. బాస్కమ్ కాలేజీతో ఆట. ముప్పై ఏళ్లలో వాళ్లను మేం మూడుసార్లు గెలిచామేమో. ఆ రోజు రెండు పాయింట్లు వెనక ఉన్నాం, ఒక్క నిమిషం మిగిలింది. నాలుగో ప్రయత్నం, రెండు గజాలు కావాలి. ఆ ఏడు మొబైల్ అనే ఊరి నుంచి నాలుగు స్టార్ల కుర్రాణ్ని తెచ్చుకున్నామని ఊరంతా టముకు వేసుకున్నాం. స్టార్లంటే, ఏ హైస్కూల్ కుర్రాడు ఎంత గొప్పవాడో దేశమంతా తిరిగి వేసే మార్కులు. కోచ్ బంతి ఆ కుర్రాడికి ఇవ్వలేదు. ఒక్క స్టారూ లేని, స్కాలర్‌షిప్ కూడా లేని, కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడ కొడుక్కి ఇచ్చాడు. అతనే కార్డెల్.

ముగ్గురు మీద పడ్డారు. ఆ ముగ్గురినీ ఈడ్చుకుంటూ ముందుకు పడ్డాడు. గొలుసు తెమ్మన్నారు. పరిగెత్తుకుంటూ తీసుకెళ్లాం, బురదలో గొలుసు లాగి బిగించి నా కర్ర నిలబెట్టాను. బంతి ముక్కు కర్రకు రెండంగుళాలు ఇవతలే ఆగింది.

కార్డెల్ బురదలో బోర్లా పడుకునే ఉన్నాడు. తలెత్తి నా వంక చూశాడు. “దాటాను కదా బాబాయ్?” అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

బంతి బాస్కమ్‌వాళ్లదైంది. ఆట అయిపోయింది. ఊరు మాత్రం ఆ రెండంగుళాలనూ వదల్లేదు. కార్డెల్‌కు అసలు పేరు పోయి ‘రెండంగుళాలు’ అనే పేరు మిగిలింది. “ఏం రెండంగుళాలూ, ఇంకో కాఫీ కావాలా?” “రెండంగుళాలూ, కాస్త జరుగు, నీకు జరగడం రాదనుకో!” అతను పెళ్లి చేసుకున్న రోజు పాస్టరు కూడా, కాస్త ముందుకు రావయ్యా, నువ్వు ఎప్పుడూ కొంచెం వెనకే ఆగుతావు అన్నాడు. చర్చి అంతా నవ్వింది. పెళ్లికూతురు రెనీటా నవ్వలేదు. వాళ్లమ్మాయి జనెస్సాకు ఎనిమిదేళ్లప్పుడు స్కూల్లో ఒకడు ‘రెండంగుళాల కూతురా’ అన్నాడు. అది భోజనం పళ్లెం తీసి వాడి నెత్తిన కొట్టింది. హెడ్మాస్టరు పిలిపిస్తే కార్డెల్ వెళ్లి, పళ్లెం ఖరీదు ఎంతో కనుక్కుని వచ్చాడట, అంతే.

అట్లాంటాలో వాళ్ల బావమరిది పెద్ద లారీ టైర్ల కంపెనీలో ఉద్యోగం చూపిస్తే కార్డెల్ పోలేదు. “నేను ఊరు వదిలితే దాటలేదని ఒప్పుకున్నట్టే” అన్నాడు. ఊరి మొగదల్లో షెడ్డు వేసి, ఆ బోర్డు పెట్టాడు. ఊరంతా చదువుకునేట్టు పెట్టాడు.

ఇక ఓపలీన్ హోటల్ సంగతి. పొద్దున ఆరింటికల్లా మా బ్యాచ్ అక్కడ చేరుతుంది. కాఫీ, బన్నుల్లాంటి మెత్తటి వేడి బిస్కట్ల మీద గ్రేవీ, మొక్కజొన్న జావ, గొంతులు చించుకోవడం. ఓపలీన్ మొగుడు బతికున్నప్పుడు, ఆ ఆట తర్వాత కాలేజీ కొత్త గొలుసు కొంటే, పాతది అడిగి తెచ్చుకుని హోటల్ గోడకు దండలా వేలాడదీశాడు. గెలిచిన ఊళ్లు కప్పులు పెట్టుకుంటాయి, మాకు అది కూడా లేదుగా. ముప్పై అడుగుల గొలుసు, రెండు కర్రలతో సహా, సరిగ్గా మా బల్ల పైన వేలాడుతుంది.

కార్డెల్ రోజూ వస్తాడు. ఇరవయ్యారేళ్లలో ఒక్క పొద్దు మానలేదు. ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాడు, ఎప్పుడూ ఒకే కుర్చీ. ఒకసారి అడిగాను, ఇంతమంది ఇన్ని మాటలంటుంటే ఎందుకురా ఇక్కడికే వస్తావని. “బిస్కట్లు ఇక్కడ బాగుంటాయి బాబాయ్. మీకోసం నా నోరెందుకు కట్టుకోవాలి?” అన్నాడు.

అతని వీపు గోడకు. నా మొహం గోడకు. ఆ గొలుసు రోజూ చూసింది నేను.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. ఆ ఆటకు రెండు రోజుల ముందు, గురువారం, ప్రాక్టీసులో మూడొందల పౌండ్ల బరువున్న కుర్రాడొకడు వచ్చి గొలుసు మీద పడ్డాడు. ఒక లింకు విచ్చుకుపోయింది. బాగుచేయమని నాకిచ్చారు. ఆ లింకు సైజుది ఇంకొకటి నా షాపులో లేదు. తెప్పించాలంటే రెండు రోజులు పడుతుంది. మర్నాడు పొద్దున్నే జింకల వేటకు పోవాలని నేను తొందరలో ఉన్నాను. మా ఆవుల గేటుకు వాడే స్క్రూ కొక్కెం ఒకటి కనిపించింది, బలంగా ఉంది, దాంతో రెండు కొసలూ కలిపి బిగించేశాను. కాస్త పొడుగైంది, దానికి తగ్గట్టు లింకులు కోసెయ్యాలి కదా అని ఆలోచన రాలేదు. నిజం చెప్పాలంటే వచ్చింది, శనివారం మైదానంలో గీతల మీద పరిచి చూసుకుందాంలే అనుకున్నాను.

ప్రతి ఆటకు ముందు గొలుసును గీతల మీద పరిచి కొలవాలి. అది పద్ధతి. ఆ శనివారం వాన. లైన్స్‌మన్ తడిసిన బూట్లతో పరిగెత్తుకుంటూ వచ్చి, “గొలుసు కొలిచారా?” అని అడిగాడు. “కొలిచాం” అన్నాను. ఒక్క మాట. వాన్లో మళ్లీ ఎవడు పరుస్తాడు?

ఆ రోజు నాకు నిజంగా ఏమీ తట్టలేదు. తర్వాత, గొలుసు గోడెక్కిన కొన్నాళ్లకు, ఒక పొద్దున కాఫీ తాగుతూ తలెత్తితే నా కొక్కెం కనిపించింది. మిగతా లింకులు తుప్పుపట్టాయి, అది మాత్రం తళతళలాడుతోంది. ఎంత పొడుగు ఉంటుందది? మూడంగుళాలు? అతనికి తక్కువైంది రెండు. అప్పుడేం చేశానంటారా? ఓపలీన్‌ను పిలిచి ఇంకో బిస్కట్ అడిగాను. అలా ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడిగి తిన్నాను. నాకీ పొట్ట ఊరికే రాలేదు.

అందుకే చెబుతున్నాను, ఆ ఇరవయ్యారేళ్లలో కార్డెల్‌ను వెక్కిరించినవాళ్లలో నాదే పెద్ద గొంతు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నారు కదా. నేను తడుముకోలేదు, పక్కవాడి భుజాలు చూపించాను.

ఇక ఈ ఏడు అక్టోబరు సంగతి. ముందటి శనివారం ఓడిపోయాం. సోమవారం పొద్దున బల్ల దగ్గర రచ్చ రచ్చ. రిటైరైన పోస్టుమాన్ లీలాండ్ ఎప్పట్లాగే రిఫరీల మీద పడ్డాడు.

“ఆ రిఫరీకి కళ్లద్దాలు కాదు, దారి చూపించే కుక్క కావాలి! మనవాణ్ని చొక్కా పట్టి లాగుతుంటే ఎక్కడ చూస్తున్నాడు? ఆకాశంలో కొంగల్ని లెక్కపెడుతున్నాడా?”

“రిఫరీ సంగతి వదిలెయ్ లీలాండ్” అన్నాడు హాస్క్యూ. ఇతను దాణా కొట్టు యజమాని, జట్టు అభిమానుల సంఘానికి అధ్యక్షుడు, మాటకు ముందు గొంతు సవరించుకునే రకం. “అసలు మన దగ్గర సరుకేదీ? పక్క కాలేజీవాళ్లు నాలుగు స్టార్లవాళ్లను ముగ్గుర్ని తెచ్చుకున్నారు. మన కోచ్ ఎవణ్నో తెచ్చాడు, రెండు స్టార్లట. వాడి పేరు వాళ్ల వీధిలో కూడా ఎవరికీ తెలీదు.”

కార్డెల్ గ్రేవీలో బిస్కట్ ముంచుతూ తల ఎత్తలేదు. “స్టార్లు చూడకు హాస్క్యూ. పడ్డాక ఎలా లేస్తాడో చూడు. చేతులు ఆనించి లేచేవాడు మూడో క్వార్టర్‌కల్లా అలిసిపోతాడు. మోకాళ్లతో లేచేవాడు ఆట అయిపోయేదాకా లేస్తూనే ఉంటాడు. ఆ రెండు స్టార్ల కుర్రాణ్ని చూశాన్నేను. మోకాళ్లతో లేస్తాడు.”

“అబ్బో, చెప్పొచ్చాడండీ రెండంగుళాలు! స్టార్లు లేనివాడికి బంతి ఇస్తే ఏమవుతుందో ఈ ఊరికి తెలీదా ఏంటి?” అన్నాడు హాస్క్యూ.

“ఏమైంది? దాటాను.”

“ఆడలేక మద్దెల ఓడన్నాడంట!”

అందరూ పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇక్కడిదాకా రోజూ జరిగేదే. అప్పుడు హాస్క్యూ కాళ్ల దగ్గర పెట్టుకున్న సంచిలోంచి ఒక ఇత్తడి రేకు తీసి బల్ల మీద పెట్టాడు.

“మైదానమంతా తవ్వి కొత్త గడ్డి వేస్తున్నారుగా. పాత గుర్తులన్నీ పోతాయి. సంఘం తరఫున ఒక ముచ్చట చేద్దామనుకున్నాం. ఈ శనివారం పాత విద్యార్థులందరూ వస్తారు, అందరి ముందూ నువ్వు పడ్డ చోట, గీత పక్కనే, సిమెంట్లో బిగిస్తాం. కోపం తెచ్చుకోకు కార్డెల్, ప్రేమతోనే. నీ పేరు శాశ్వతంగా ఉండిపోతుంది.”

రేకు మీద ఇలా చెక్కి ఉంది: ‘కార్డెల్ మేబ్రీ ఇక్కడ ఆగిపోయాడు. రెండంగుళాలు తక్కువ. 1998.’

కార్డెల్ చేతులు తుడుచుకుని, రేకు తీసుకుని, మెల్లగా పైకి చదివాడు.

“ఇందులో రెండు తప్పులున్నాయి హాస్క్యూ. ఒకటి, నేను ఆగలేదు. రెండు, నేనింకా చావలేదు, ఇలా చెక్కించడానికి.”

“సరదాకేరా!”

“మీ అందరికీ సరదాయే. నా మనవలు పుట్టి, ఆ మైదానంలో ఆడుకుంటూ దీన్ని చదువుతారు. నోటితో అన్నది గాల్లో పోతుంది, ఇన్నాళ్లూ పోనిచ్చాను. ఇది పోదు.” రేకు బల్ల మీద పెట్టి వేలితో తోశాడు. “శనివారం బిగించుకోండి. ఆదివారం పీకేస్తా. సోమవారం మళ్లీ బిగించుకోండి, మంగళవారం మళ్లీ పీకేస్తా. నా దగ్గర గడ్డపారలు మూడున్నాయి. ఓపిక ఇంకో నలభై ఏళ్లుంది.”

“పోలీసులు ఊరుకుంటారా?”

“వాళ్ల టైర్లకు పంక్చర్లు వేసేది కూడా నేనే. వచ్చి అడగమను.”

హాస్క్యూ నవ్వేసి, ఆ రేకును నా వైపు జరిపాడు. “డెవిట్ బాబాయ్, నీ దగ్గర డ్రిల్లింగ్ మిషన్ ఇంకా ఉందిగా? నాలుగు మూలలా నాలుగు చిల్లులు వేసిపెట్టు. శుక్రవారానికి చాలు.”

ఛీ, ఏం చెప్పను. రేకు నా చేతిలో ఉంది. నేను చేసిన దరిద్రప్పనికి మళ్లీ నా చేత్తోనే చిల్లులు వేసి, సిమెంట్లో పాతిపెట్టమంటున్నారు. తలెత్తాను. గోడ మీద ఆ కొక్కెం తళతళలాడుతోంది. ఓపలీన్ కాఫీ కూజాతో నా పక్కన నిలబడి, “ఇంకో బిస్కట్ తేనా?” అంది.

“వద్దు. నిచ్చెన తీసుకురా” అన్నాను.

“నిచ్చెనెందుకయ్యా?”

“ఆ గొలుసు దించాలి.”

“పిచ్చా నీకు? నా మొగుడు బిగించింది అది.”

“నీ మొగుడు గోడకే బిగించాడు. నేను చేసింది అంతకన్నా పెద్ద వెధవపని. తీసుకురా ఓపలీన్!” అరిచాను. నా అరుపులు వాళ్లకు కొత్తకాదు, కానీ ఈసారి నా పళ్లెం కూడా పక్కకు తోసేశాను. అందుకేనేమో మారుమాట లేకుండా నిచ్చెన తెచ్చింది.

మా బండిలో ఎప్పుడూ ఉక్కు టేపు ఉంటుంది, యాభై అడుగులది. గొలుసును బయట కార్లు ఆగే సిమెంటు గచ్చు మీదికి ఈడ్చుకొచ్చాం. లీలాండ్‌ను ఒక కర్ర పట్టుకోమన్నాను. ఇంకో కర్ర నేను పట్టుకున్నాను, ఆ రోజు పట్టుకున్నట్టే. బిగించి లాగాం. కార్డెల్ తలుపు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టేపు పరిచి, “నువ్వే చదువు హాస్క్యూ” అన్నాను. “నేను చదివితే నమ్మరు.”

హాస్క్యూ వంగాడు. “ముప్పై అడుగులు...” అని ఆగాడు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. “ముప్పై అడుగుల మూడుంపావు అంగుళాలు.”

పది గజాలంటే ముప్పై అడుగులు. చిన్నపిల్లాడికి కూడా తెలుసు.

“ఇన్నేళ్లు వేలాడీ వేలాడీ సాగి ఉంటుంది” అన్నాడు హాస్క్యూ.

“ఇనుము సాగడానికి రబ్బరనుకున్నావా? ఇదిగో చూడు. ఈ కొక్కెం మా ఆవుల గేటుది. ఆ గురువారం దీన్ని బిగించింది నేను. శనివారం వాన్లో లైన్స్‌మన్ అడిగితే, కొలవకుండానే కొలిచాం అని చెప్పింది కూడా నేనే.” అప్పటిదాకా వాళ్లవైపు చూస్తూ చెప్పాను. ఇక తప్పదని కార్డెల్ వైపు తిరిగాను. “నువ్వు దాటావురా. అంగుళంపావు దాటావు. కర్ర పట్టుకుని దాటలేదని తల ఊపింది నేను.”

లీలాండ్ చేతిలో కర్ర కింద పెట్టేశాడు. ఓపలీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

హాస్క్యూకు ఓడిపోవడం చేతకాదు, పాపం. గొంతు సవరించుకున్నాడు. “సరే, కాస్త పొడుగుందే అనుకుందాం. అసలు ఆ వెనక కర్ర పెట్టేదే లైన్స్‌మన్ కంటిచూపుతో. బంతి ఎక్కడ పడిందో చూసి, ఉజ్జాయింపుగా ఇక్కడ అంటాడు. బంతి పెట్టేది కూడా ఉజ్జాయింపే. అంతా కంటిలెక్క అయినప్పుడు ఈ మూడంగుళాలు ఏపాటి?”

కార్డెల్ చేతులు విప్పి గచ్చు మీదికి వచ్చాడు. మెల్లగానే వచ్చాడు, మెల్లగానే మాట్లాడాడు.

“ఏపాటా? ఇరవయ్యారేళ్లు రెండంగుళాలు నా మీద లెక్కపెట్టావు హాస్క్యూ. నా పెళ్లిలో లెక్కపెట్టారు. నా కూతురి మీద లెక్కపెట్టారు. ఇత్తడి మీద కూడా చెక్కించావు. రెండంగుళాలు లెక్కలోకి వచ్చినప్పుడు మూడంగుళాలు ఎందుకు రావు? అది నాకు వచ్చేసరికి కంటిలెక్క అయిపోయిందా?”

హాస్క్యూ వంగి టేపు చుట్టడం మొదలుపెట్టాడు.

“రికార్డులేం మారవు” అన్నాడు చివరికి. “ఓడిన ఆట ఓడినట్టే ఉంటుంది. ఆ తర్వాత మీరు బంతి తన్ని గోల్ కొట్టేవాళ్లని గ్యారంటీ ఏంటి?”

“ఏ గ్యారంటీ లేదు. ఆ ఏడు బంతి తన్నే మన కిక్కర్ గోడౌన్ తలుపుకు కూడా గురిపెట్టలేనివాడు. గెలిచామని నేనన్నానా ఎప్పుడైనా? దాటాను అన్నాను. అంతే అన్నాను. నాకు రికార్డులు వద్దు. నేనేం చేశానో ఇక్కడ, మీ నోటితో, ఒక్కసారి చెప్పండి.”

లీలాండ్ గొణిగాడు. “దాటాడు.”

“గట్టిగా లీలాండ్. రిఫరీల మీద అరిచినట్టు అరిచి చెప్పు.”

“దాటాడురా బాబూ! దాటాడు!”

ఓపలీన్ కూడా అంది, ఏడుస్తూ. నేనన్నాను. హాస్క్యూ అనలేదు. దాణా కొట్టు తెరవాలంటూ బండెక్కి వెళ్లిపోయాడు. ఇవాళ్టికీ అనలేదు. అతని ఖర్మ.

అందరూ లోపలికి పోయాక నేను, కార్డెల్ మిగిలాం. క్షమించమని అడగబోయాను. అంతలో అతనే అడిగాడు.

“ఎప్పట్నుంచి తెలుసు బాబాయ్?”

అబద్ధం ఆడొచ్చు. ఇవాళే తట్టిందని చెప్పొచ్చు, అతను నమ్మేవాడు కూడా. “ఇరవయ్యేళ్ల పైమాటే” అన్నాను.

అతను తల ఊపాడు. “నా షాపుకు ఎన్నిసార్లు వచ్చుంటావు ఈ ఇరవయ్యేళ్లలో? ఆ బోర్డు కింద నిలబడి, నా చేత టైర్లు మార్పించుకుని, రెండంగుళాలూ గాలి సరిగ్గా పట్టు అని ఎన్నిసార్లు నవ్వావు?”

లెక్కలేదు. అదే చెప్పాను, లెక్కలేదని. అతను బల్ల మీది రేకు తెచ్చుకుని, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున ఆరింటికి అతని కుర్చీ ఖాళీగా ఉంది. ఇరవయ్యారేళ్లలో మొదటిసారి. ఎవరికీ బిస్కట్ దిగలేదు. బుధవారం రాలేదు. గురువారం రాలేదు.

శనివారం రేకు లేకుండానే ఆట జరిగింది. ఆ రెండు స్టార్ల కుర్రాడు పదకొండుసార్లు పడి పదకొండుసార్లూ మోకాళ్లతో లేచాడు, మేం ఆరు పాయింట్లతో గెలిచాం. కార్డెల్ ఎక్కడా కనిపించలేదు. షాపు ముందు నుంచి పోతూ చూశాను. మెత్తటి మట్టిలో జాకీ దిగబడకుండా దాని కింద ఆ ఇత్తడి రేకు వేసుకున్నాడు. అక్షరాలు కిందికి ఉన్నాయి. దాని మీద ఒక లారీ లేపి ఉంది.

సోమవారం పొద్దున ఆరింటికి తలుపు తెరుచుకుంది. వచ్చాడు. గోడ బోసిగా ఉంది, మేకులు మాత్రమే మిగిలాయి. తన కుర్చీలోనే, గోడకు వీపు పెట్టే కూర్చున్నాడు. ఓపలీన్ ఏమీ అడక్కుండా పళ్లెం పెట్టింది. లీలాండ్ కాఫీ కూజా అందుకుని నా వైపు తిరిగాడు.

“ఏం మూడుంపావూ, కాఫీ పొయ్యనా?”

బల్లంతా గొల్లుమంది. వారం రోజులుగా బిగబట్టిన నవ్వంతా ఒక్కసారి బయటికొచ్చింది. నాకు తగిందే. పడాల్సినవాణ్నే. తల వంచుకుని కప్పు ముందుకు జరిపాను.

కార్డెల్ చెంచా బల్ల మీద పెట్టాడు. పెద్ద చప్పుడేం కాలేదు, కానీ నవ్వు ఆగింది.

“ఆయన పేరు డెవిట్” అన్నాడు.

“సరదాకి అన్నాన్రా...”

“నన్నూ సరదాకే అన్నారు. ఆయన పేరు డెవిట్ గాస్కిన్. నా పేరు కార్డెల్ మేబ్రీ. ఈ బల్ల దగ్గర ఇకనుంచి ఎవరి పేరు వాళ్లకుంటుంది. ఇష్టంలేనివాళ్లు హాస్క్యూ కొట్లో దాణా తింటూ మాట్లాడుకోండి.”

నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. దాచుకోలేదు. డెబ్బై ఒకటేళ్లొచ్చాక ఎవడికోసం దాచుకోవాలి? “కార్డెల్...” అన్నాను.

“నిన్ను క్షమించానని కాదు బాబాయ్” అన్నాడు నా మొహం వైపు చూడకుండానే, బిస్కట్ విరుచుకుంటూ. “అది వేరే సంగతి. అది ఎప్పటికవుతుందో నాకే తెలీదు.” గ్రేవీలో ముంచుకుని ఒక ముద్ద తిన్నాడు. తర్వాత కిటికీలోంచి మా బండి వంక చూశాడు. “నీ ముందు టైరులో గాలి దిగింది. అలా నడిపితే రిమ్ము పోతుంది. తిన్నాక షాపుకు తీసుకురా.”

తిన్నాక తీసుకెళ్లాను. బోర్డు కింద ఆపి, దిగి, ఆ అక్షరాలు మొదటిసారి పైకి చదివాను.